ఫలితాల వేళ వెతుకులాటకు సూచికే శరణ్యం
యంత్రం మార్చే ముందు పద్ధతి మార్చి చూడాలి

పరీక్ష ఫలితాలు విడుదలైన మరుక్షణం వేలాది మంది విద్యార్థులు ఒకేసారి వెబ్‌సైట్‌ను ఆశ్రయిస్తారు. హాల్‌టికెట్ సంఖ్య నమోదు చేసి మీట నొక్కినా తెరపై చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంటారు. సర్వర్ సామర్థ్యం చాలలేదన్నది సాధారణంగా వినిపించే సమాధానం. అయితే పలు సందర్భాల్లో లోపం యంత్రంలో కాక, డేటాబేస్‌లో సమాచారాన్ని వెతికే పద్ధతిలో ఉంటుంది.

మొదటి నుంచి చివరి దాకా..

పట్టికలో 10 లక్షల మంది విద్యార్థుల వివరాలు ఉన్నాయనుకుందాం. సూచిక (ఇండెక్స్) లేకపోతే ఒక్క సంఖ్య కోసం డేటాబేస్ 10 లక్షల వరుసలనూ పరిశీలించాల్సి వస్తుంది. వెయ్యి మంది ఒకేసారి అడిగితే ఆ పని 100 కోట్ల వరుసలకు చేరుతుంది. ఎంత పెద్ద సర్వరైనా ఈ భారానికి కుంగిపోక తప్పదు.

సంఖ్యలను క్రమంలో పేర్చి, నిఘంటువులో పదం వెతికినట్లు ప్రతిసారీ సగం వదిలేస్తూ పోతే 20 పోలికల్లోనే కావలసిన వరుస దొరుకుతుంది. వెయ్యి మందికి కలిపి 20 వేల పోలికలు చాలు. ఈ సూత్రాన్ని డిస్కుకు అనువుగా మలచినదే ‘బి-ట్రీ’. బోయింగ్ పరిశోధనశాలలో పనిచేసిన రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1970లో దీనిని ప్రతిపాదించారు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్‌లు నేటికీ ప్రధానంగా దీనిపైనే ఆధారపడుతున్నాయి.

ఉన్నా అక్కరకు రాదు

సూచిక ఏర్పాటు చేసినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. హాల్‌టికెట్ సంఖ్యను అక్షరాల రూపంలో భద్రపరచి, అంకె రూపంలో ప్రశ్నిస్తే మైఎస్‌క్యూఎల్ ఆ సూచికను వాడుకోలేదు. ‘సుబ్బా’తో మొదలయ్యే పేర్లను సూచిక వెంటనే చూపగలదు. ‘రావు’తో ముగిసే పేర్లు కావాలంటే మాత్రం మళ్లీ మొదటి నుంచి చివరి దాకా వెతకాల్సిందే. నిఘంటువులో చివరి అక్షరాన్ని బట్టి పదం వెతకడం ఎంత కష్టమో ఇదీ అంతే.

తెలుగు పేర్లతో చిక్కు

పదాలవారీగా సూచిక తయారుచేసే ‘ఫుల్ టెక్స్ట్’ పద్ధతి వ్యాసాలకు, వార్తలకు చక్కగా సరిపోతుంది. తెలుగు పేర్ల విషయంలో దీనికి పరిమితి ఉంది. ‘సుబ్బారావు’ మొత్తం ఒకే పదం కనుక ‘రావు’ అని అడిగితే దొరకదు. లక్ష్మి పేరును కొందరు దీర్ఘంతో, మరికొందరు దీర్ఘం లేకుండా రాస్తారు. ఆంగ్లంలో ‘కె, ఎస్’ అక్షరాలతో రాసేవారు కొందరైతే, ‘ఎక్స్’తో రాసేవారు మరికొందరు. ఇలాంటి చోట పేరును మూడేసి అక్షరాల ముక్కలుగా విడగొట్టి పోల్చే ‘ట్రైగ్రామ్’ పద్ధతి మేలు. రాతలో స్వల్ప తేడా ఉన్నా దగ్గరి పేర్లను ఇది చూపుతుంది. అయితే ఈ సూచిక ఎక్కువ స్థలం ఆక్రమిస్తుంది.

ఎంపిక ఇలా..

* కచ్చితమైన సంఖ్యతో వెతికేందుకు ‘బి-ట్రీ’ సూచిక చాలు.
* పెద్ద పాఠంలో పదాలు వెతకాలంటే ‘ఫుల్ టెక్స్ట్’ తగినది.
* పేరులో కొంత భాగమే తెలిసినా, రాతలో తేడా ఉన్నా ‘ట్రైగ్రామ్’ను ఎంచుకోవాలి.
* ప్రతి గడికీ సూచిక పెట్టరాదు. కొత్త వరుస చేరిన ప్రతిసారీ సూచికలన్నింటినీ సవరించాల్సి రావడంతో నమోదు మందగిస్తుంది.

విడుదలైన ఫలితాలు పునర్‌మూల్యాంకనం వరకు దాదాపుగా మారవు. కనుక ఒకసారి వెతికిన జవాబును సర్వర్ జ్ఞాపకశక్తిలో ఉంచి, మళ్లీ అడిగినవారికి అక్కడి నుంచే ఇస్తే డేటాబేస్‌పై భారం మరింత తగ్గుతుంది.

ప్రశ్నను డేటాబేస్ ఏ దారిలో పరిష్కరిస్తున్నదో ‘ఎక్స్‌ప్లెయిన్’ ఆదేశం తెలియజేస్తుంది. పట్టికలో పది వరుసలున్నప్పుడు ఏ పద్ధతైనా వేగంగానే కనిపిస్తుంది. లక్షల వరుసలు నింపి, ఫలితాల తేదీకి ముందే ఈ పరీక్ష జరపాలి. విద్యార్థి పరీక్షకు ముందు వెబ్‌సైట్ తన పరీక్షలో నెగ్గి ఉండాలి.