బాలానగరు బడి: ధర్మమా, హక్కా?

హైదరాబాదు నగరమునకు వాయవ్యముగా నున్న బాలానగరు పేరు విన్నంతనే యంత్రముల చప్పుడు చెవులకు స్ఫురించును. 1960 దశాబ్దిలో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారమును, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి కర్మాగారమును ఇచ్చట వెలసినవి. వాని చుట్టును లేతు యంత్రములు తిరుగు చిన్న కార్ఖానాలు సందుసందునను పుట్టినవి. ఇచ్చటికి కొద్ది మైళ్ళలోనే 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమై, హైటెక్ సిటీ యను మరియొక ప్రపంచమునకు ద్వారము తెరచినది. ఇనుము తొలుచువారికిని, కంప్యూటరు ముందు కూర్చుండువారికిని నడుమ దూరము మైళ్ళలో స్వల్పమే. వారి పిల్లలు చదువుకొను బడుల నడుమ దూరము మాత్రము స్వల్పము కాదు.

దీనికి కారణము బీదతనమని ఒక్క మాటతో తేల్చి ఊరకుండుట సులభము. కాని బీదవాని బిడ్డకును మంచి చదువు దొరకవలెననుట ఈ దేశము తనకు తాను చేసికొన్న ప్రతిజ్ఞ. పదునాలుగేండ్లు నిండువరకు పిల్లలందరికి ఉచిత నిర్బంధ విద్య నొసగుటకు పదేండ్లలోగా ప్రయత్నింపవలెనని 1950 నాటి రాజ్యాంగము 45వ అధికరణమున ఆదేశించినది. 1960 వచ్చినది, పోయినది. ఒక పేటలోని పిల్లలందరును తారతమ్యము లేక ఒకే బడిలో చదువవలెననియు, జాతీయాదాయములో 6 శాతము విద్యకు వినియోగింపవలెననియు 1966లో కొఠారీ సంఘము చెప్పినది. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ వయస్సువరకు విద్య మూలహక్కేయని తీర్పు చెప్పినది. విచిత్రమేమనగా, ఆ వ్యాజ్యము పుట్టినది పసిపిల్లల బడిని గూర్చి కాదు, వృత్తి కళాశాలల కాపిటేషను ఫీజులను గూర్చి. అందు ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో రాజ్యాంగ సవరణ జరిగినది. 2009లో విద్యాహక్కు చట్టము వచ్చినది. 2010 ఏప్రిల్ 1 నుండి అది అమలులో నున్నది.

హక్కు కాగితముమీద నిలిచినది. దానిని బడిలో నిలుపవలసిన డబ్బు మాటయేమి?

సర్కారు బడి ఉపాధ్యాయుల జీతములను ప్రభుత్వము చెల్లించును. సుద్దముక్క మొదలు మరుగుదొడ్డి శుభ్రతవరకు గల నిత్యవ్యయమునకు, 2018లో ఆరంభమైన సమగ్ర శిక్షా పథకము క్రింద ఒక గ్రాంటు కలదు. దాని లెక్క ప్రకారము నూరుమంది పిల్లలున్న బడికి సంవత్సరమునకు 25,000 రూపాయలు; అటుపై 250 మందివరకు 50,000; వేయిమందివరకు 75,000. అనగా నూరుమంది గల బడిలో తలకు 250 రూపాయలు, నెలకు ఇరువది రూపాయలకు కొంచెము పైమాట. ఈ లెక్కలో ఇంకొక చిక్కు కలదు. కుళాయిలో నీరు రాని బడిని చూచి తల్లి తన బిడ్డను అప్పుచేసియైనను ప్రైవేటు బడికి మార్చును. అట్లు కొందరు పోగా 260 మందియున్న బడి 240కి దిగినదనుకొందము. గ్రాంటు 75,000 నుండి 50,000కు పడును. గదులు తగ్గవు, దీపములు తగ్గవు, కుళాయిలు తగ్గవు. వానిని బాగుచేయు డబ్బు మాత్రము తగ్గును. అది చూచి మరికొందరు పోవుదురు. బడి చెడినందున పిల్లలు పోవుచున్నారా, పిల్లలు పోయినందున బడి చెడుచున్నదా యని మన మంతట తర్కించుచు కూర్చుందుము!

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. 2022లో తెలంగాణ ప్రభుత్వము ‘మన ఊరు – మన బడి’, పట్టణములలో ‘మన బస్తీ – మన బడి’ యను పేర, 26,065 బడులను మూడు దశలలో బాగుచేయుటకు 7,289 కోట్ల రూపాయలతో ఒక కార్యక్రమమును తలపెట్టినది. కాని గోడకు సున్నము వేయుట ఒకనాటి పని. బడిని నడుపుట ప్రతిదినపు పని. 2024–25 రాష్ట్ర బడ్జెటులో మొత్తము 2,91,159 కోట్లకు విద్య పాలు 21,292 కోట్లు; నూటికి ఏడు రూపాయలకు కొంచెము పైన.

ఈ కొరతను తీర్చుటకు కంపెనీల దాతృత్వము కలదు గదాయని కొందరందురు. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో 2 శాతము సమాజ సేవకు వెచ్చింపవలెను. విద్య అందొకటి. మంచిదే. అయితే ఆ చట్టమే, కంపెనీ పనిచేయు పరిసరములకు ప్రాధాన్యమీయవలెననియు చెప్పినది. 500 కోట్ల నికర విలువయో, 1,000 కోట్ల వ్యాపారమో, 5 కోట్ల లాభమో గల సంస్థలకే ఈ విధి వర్తించును. బాలానగరు సందులలో నాలుగు లేతు యంత్రములతో నడచు కార్ఖానా ఈ గీత దరిదాపులకైనను రాదు. ఆ యంత్రముల వద్ద నిలుచువారి పిల్లల బడికి ఇరుగుపొరుగున దాత యెవరు? అద్దాల మేడలున్న పేటలో బడికి దాతలు దొరకుట సులభము. ఇనుప రజను రాలు పేటలో కష్టము. కలిగినవారికి అందరును చుట్టములే యను సామెత బడులకును వర్తించుచున్నది.

పేట సంపదనుబట్టి బడి భాగ్యమును నిర్ణయించిన ఫలితమెట్లుండునో అమెరికా అనుభవము చెప్పును. అచ్చట బడులకు చాలభాగము సొమ్ము స్థానికపు ఆస్తిపన్నునుండి వచ్చును. టెక్సాసులోని శాన్ ఆంటోనియో నగరమున, 1967–68లో ఎడ్జ్‌వుడ్ అను బీద పేట ప్రజలు నూరు డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కట్టగా, పిల్లవానికి 26 డాలర్లు సమకూడినవి. ఆలమో హైట్స్ అను ధనికుల పేటవారు 85 సెంట్లే కట్టగా 333 డాలర్లు సమకూడినవి. ఎక్కువ రేటున కట్టినవారికి తక్కువ, తక్కువ రేటున కట్టినవారికి ఎక్కువ! న్యాయము కోరి తలిదండ్రులు వ్యాజ్యము వేసిరి. విద్య ఆ దేశపు రాజ్యాంగములో మూలహక్కు కాదని 1973లో అచ్చటి సుప్రీంకోర్టు, అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా, వారి మొర త్రోసిపుచ్చినది. మన కోర్టు 1993లో హక్కేయన్నది. హక్కు లేనిచోటను, ఉన్నచోటను బీదపేట బడి తీరు ఒకటే యైనచో, మన తీర్పునకు విలువ యెక్కడిది?

విద్యాహక్కు చట్టములో ఒక సదుపాయము కలదు. ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో కనీసము 25 శాతము సీట్లు బడుగు పిల్లలకు ఉచితముగా నీయవలెను. ప్రభుత్వము ఆ వ్యయమును నిర్ణీత మేరకు తిరిగి చెల్లించును. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2022–23లో మొదలైనది. తెలంగాణలో 2024 నాటికిని ఆచరణలోనికి రాలేదు. రావలసినదే. అయినను అది కొందరి పిల్లలకు తెరచు ద్వారము మాత్రమే. మిగిలిన వారందరికి పేటలోని సర్కారు బడియే దిక్కు.

కావున చేయవలసినది స్పష్టము. పిల్లల సంఖ్య తగ్గినంతమాత్రమున తగ్గని కనీసపు మొత్తమొకటి ప్రతి బడికి ఉండవలెను. బీదపేట బడికి అంతకు మించి ఈయవలెను. కంపెనీల విరాళములు జిల్లాకొక ఉమ్మడి నిధిలో చేరి, అక్కరనుబట్టి పంచబడవలెను. వచ్చిన డబ్బు, అయిన ఖర్చు బడి గోడపై అందరు చదువునట్లు వ్రాయవలెను. చట్టము ప్రకారము సర్కారు బడి యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే; సభ్యులలో సగము స్త్రీలు. గ్రాంటు వినియోగమును విచారించు అధికారము వారిది. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఇచ్చట అడుగవలసినవారు అమ్మలే.

దాత తలచిననాడు తెరచు తలుపు ధర్మసత్రపు తలుపు. బాలానగరు కార్మికుని బిడ్డకు కావలసినది సత్రము కాదు, బడి. దాని వ్యయమును దాత దయకు వదలక, ఏటేట నియమముగా చెల్లించుట ప్రభుత్వపు విధి.