ఉత్సవ చిత్రమాలికలో కదలిక ఎంతవరకు?

ఉత్సవాలు ముగిసిన వారం పది రోజులలో భక్తుల నుండి, స్వచ్ఛంద సేవకుల నుండి వందలాది ఛాయాచిత్రాలు ట్రస్టు కార్యాలయానికి చేరుతాయి. వాటిలో కొన్నింటిని ఏరి, సేవల వరుసలో కూర్చి, మంగళవాద్యం జోడించి స్లైడ్‌షోగా సిద్ధం చేసే కైంకర్యం కొన్నేళ్ళుగా నా వంతుకు వచ్చింది. దానిని మండపంలోని తెరపై ప్రదర్శిస్తాము; స్వయంగా రాలేకపోయిన దాతలకు ఫోన్ ద్వారా పంపుతాము. ఈ మధ్య కొందరు దాతలు ఆప్యాయంగానే ఒక ప్రశ్న వేస్తున్నారు. పెళ్ళి వీడియోలలో బొమ్మలు గిరగిర తిరుగుతూ వస్తాయి, పూలరేకులై రాలిపోతాయి, పుస్తకపు పుటల వలె మడత పడతాయి. స్వామివారి చిత్రాలకు మాత్రం అంత హంగు ఎందుకు చేయరు అని. ద్రవ్యం సమర్పించినవారు అడుగదగిన ప్రశ్నే అది. సమాధానం ఈ పుటలలో విన్నవించడం ఉచితమని తోచింది.

స్లైడ్‌షోలో కదలిక రెండు విధాలు. ఒక చిత్రం తొలగి మరొక చిత్రం వచ్చే తీరును ట్రాన్సిషన్ అంటారు. చిత్రం తెరపై నిలిచి ఉన్నప్పుడే మెల్లగా దగ్గరకు రావడం, దూరం కావడం, పక్కకు లేదా పైకి జరగడం మోషన్ ఎఫెక్ట్. నేడు ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా ఇవి పదుల సంఖ్యలో సిద్ధంగా దొరుకుతాయి. చేతికి అందుతున్నాయి కనుక అన్నింటినీ వాడాలన్న నియమం లేదు. వంటశాలలో డబ్బాలన్నీ నిండుగా ఉన్నాయని పులిహోరలో అన్నీ వేయము గదా.

మన ప్రాంతంవారికి ట్రాన్సిషన్ అంటే ఏమిటో ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. నైవేద్య సమయంలో గర్భాలయానికి తెర వేస్తారు. తెర తీసిన క్షణాన హారతి వెలుగులో స్వామి దర్శనమిస్తాడు. కల్యాణంలో వధూవరుల నడుమ పట్టిన తెరసెల్ల జీలకర్ర బెల్లం ముహూర్తానికి తొలగుతుంది. మన మండలంలోనే ఉన్న కూచిపూడిలో, సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధమైన భామాకలాపంలో, సత్యభామ తెర వెనుక నిలిచి ముందుగా తన జడను మాత్రమే తెరపై నుండి చూపుతుంది. ఆమె ముఖం కనబడే వరకు సభ అంతా ఎదురుచూస్తుంది. ఈ మూడు సందర్భాలలోనూ తెరకు ఒక పని ఉన్నది. కాలం మారిందని, ఘట్టం మారిందని, ఇక చూడవలసినది వస్తున్నదని అది చెబుతుంది. తెరను చూసి ముచ్చటపడేందుకు ఎవరూ రారు. చిత్రాల మధ్య వచ్చే ట్రాన్సిషన్ కూడా ఇంతే పని చేయాలని నా అభిప్రాయం.

అందుచేత నేను వాడేవి మూడే. ఒకే సేవలోని రెండు చిత్రాల నడుమ డిజాల్వ్, అనగా మొదటిది కరుగుతుండగా రెండవది తేలిరావడం. తోలుబొమ్మలాటలో బొమ్మను తెరకు దూరంగా జరిపితే రూపం మసకబారి, ఆనించితే స్పష్టమైనట్లుగా ఉంటుంది ఇది; ఒక సెకను, మించితే ఒకటిన్నర సెకను చాలు. ధ్వజారోహణం ముగిసి ఎదురుకోలు మొదలయ్యేచోట, రాత్రి గడచి తెల్లవారేచోట, తెర పూర్తిగా నల్లబడి మరల వెలుగు వచ్చే ఫేడ్. ఇక మూడవది ఏ ఎఫెక్టూ లేకపోవడం. తెరసెల్ల పట్టి ఉన్న చిత్రం ఒకటి, అది తొలగిన వెంటనే తీసిన చిత్రం మరొకటి ఉన్నవనుకోండి. వీటి నడుమ ఏదీ ఉంచరాదు. ముహూర్తం క్షణంలో జరిగేది, చిత్రమూ క్షణంలోనే మారాలి. పవర్‌పాయింట్‌లో కర్టెన్ తొలగినట్లు చూపే ట్రాన్సిషన్ ఒకటి ఉన్నది. అసలు తెరసెల్లే చిత్రంలో ఉండగా బొమ్మ తెర ఎందుకు?

డిజాల్వ్ సాధువైనదే అయినా దానితో ఒక జాగ్రత్త అవసరం. సగం దారిలో రెండు చిత్రాలు ఒకదానిపై ఒకటి కనబడతాయి. స్వామివారి ముఖమండలం కరుగుతూ, అదే చోట ఒక వ్యక్తి ముఖం, లేదా విస్తళ్ళ వరుస, లేదా చెప్పులు విడిచిన చోటు తేలిరావడం ఎంత అసందర్భమో చెప్పనవసరం లేదు. కార్యక్రమ నిర్వాహకుల చిత్రాలకు, దాతల చిత్రాలకు పోయే ముందు గోపురమో దీపమో ఒకటి నడుమ ఉంచుతాను. లేదా నలుపులోకి ఫేడ్ చేస్తాను. ఇది చూపరులు గమనించరు. గమనించకపోవడమే కావలసింది.

చిత్రం ఎంతసేపు నిలవాలి అన్నది ఎఫెక్టుల కన్న పెద్ద ప్రశ్న. సమీప గ్రామంలో ఒక కల్యాణోత్సవం తరువాత, ఒక స్టూడియోవారు చేసిన వీడియోను పందిట్లో ప్రదర్శించగా చూశాను. శేషవాహనంపై ఉత్సవమూర్తుల చిత్రం రాగానే నా పక్కన కూర్చున్న వృద్ధురాలు చేతిలోని సంచి కిందపెట్టి, కళ్ళద్దాలు సరిచేసుకొని, చేతులు జోడించబోయింది. చేతులు కలిసేలోగా స్వామి రూపం ఘనాకారపు ముక్కలై తెర నలుమూలలకు చెదరిపోయింది. ఆ వెంటనే అన్నదానం చిత్రం వచ్చింది. ఆమె చేతులు కలిపే ఉంచింది గాని, కళ్ళు మూసుకొంది. అటు తరువాతి చిత్రాలకు తెరవైపు చూడలేదు.

మనకు అది ఛాయాచిత్రం. ఆమెకు దర్శనం. ఆలయంలో అర్చకుడు హారతిని ఎంత నిదానంగా చూపుతాడో తెరపై చిత్రమూ అంత నిలవాలి. మూర్తుల చిత్రాలకు నేను ఏడెనిమిది సెకన్లు, ఊరేగింపు, కోలాటం వంటివాటికి నాలుగైదు సెకన్లు ఇస్తాను. అందువల్ల చిత్రాల సంఖ్య తగ్గుతుంది. పది నిమిషాల మాలికలో 90 చిత్రాలకు మించి పట్టవు. మూడువందల చిత్రాలలో తొంభై ఏరడం కష్టమే, కొందరికి నొప్పి కలిగించేది కూడా. ఎఫెక్టులు కూర్చడం కంటె ఆ ఏరికకే నాకు ఎక్కువ రోజులు పడుతుంది. క్షేత్రయ్య పదాలు విలంబకాలంలో సాగుతాయి. ఒకే పల్లవిని మళ్ళీ మళ్ళీ పాడుతుంటే నర్తకి ఒక్కొక్కసారి ఒక్కొక్క భావాన్ని అభినయిస్తుంది. మువ్వగోపాలుని ముద్రతో ఆ పదాలు వెలసిన చోట, చూపును నిలిపి ఉంచడం మనకు పరాయి పద్ధతి కాదు.

ఇక నిలిచిన చిత్రంలో కదలిక. ఇది సినిమావారి సొత్తుగా మనకు వచ్చినది. 1957లో కెనడా జాతీయ చలనచిత్ర సంస్థ నిర్మించిన 'సిటీ ఆఫ్ గోల్డ్' అనే లఘుచిత్రంలో, బంగారం కోసం జనం పరుగులు తీసిన నాటి పాత ఛాయాచిత్రాలపై కెమెరా మెల్లగా జరుగుతూ ఒక పట్టణాన్ని బతికించి చూపింది. అమెరికా అంతర్యుద్ధం నాటికి చలనచిత్రం పుట్టలేదు, ఉన్నవి నిశ్చలచిత్రాలే. కెన్ బర్న్స్ అనే దర్శకుడు ఆ పద్ధతినే అనుసరించి 1990లో ఆ యుద్ధచరిత్రను టెలివిజన్ ధారావాహికగా చూపాడు. 2003లో ఆపిల్ సంస్థ తన ఐమూవీ సాఫ్ట్‌వేర్‌లో ఈ కదలికకు ఆయన పేరే పెట్టింది. ఆ దర్శకులు చిత్రాన్ని ఊరకే కదపలేదు. గుంపులోనుండి ఒక ముఖం దగ్గరకు, చేతిలోని ఉత్తరం నుండి దానిని పట్టినవాని దగ్గరకు చూపును నడిపించారు. మన ఫోన్లు తమంతట తాము తయారుచేసే వీడియోలలో ఈ వివేకం ఉండదు. అవి తోచిన దిక్కుకు జరుపుతాయి. ఒక్కొక్కసారి కిరీటం పైభాగం కోసుకుపోతుంది, పాదాలు కనబడకుండా పోతాయి.

దైవరూపాన్ని ఏ దిక్కుగా చూపాలో మన కవిసంప్రదాయం ఏనాడో నిర్ణయించింది. మానవులను కేశాది పాదాంతం వర్ణించాలి, దేవతలను పాదాది కేశాంతం. నిలువెత్తు అలంకారం ఉన్న చిత్రాన్ని నేను పాదాల వద్ద మొదలుపెట్టి, పీతాంబరం, వనమాల, వేణువు మీదుగా ముఖం చేరేటట్లు పైకి జరుపుతాను. ముఖం వద్దకు చేరిన పిమ్మట రెండు మూడు సెకన్లు కదలిక పూర్తిగా ఆగాలి. ఆగకుండా వెళ్ళిపోతే దర్శనం పూర్తికాదు. ఊరేగింపు చిత్రాలలో పల్లకి ఏ దిక్కుకు సాగుతున్నదో ఆ దిక్కుకే జరపాలి; ఎదురుగా జరిపితే బోయీలు వెనుకకు నడుస్తున్నట్లు కనబడుతుంది. రథం కదలిక చిన్న చిత్రంలో తెలియదు కనుక, మోకుల వద్ద మొదలై రథశిఖరం వరకు వెళ్ళడం బాగుంటుంది. మిగతా చిత్రాలకు వందకు పది పాళ్ళ లోపు నెమ్మదైన జూమ్ చాలు. ప్రతి చిత్రమూ కదలనక్కరలేదు. వరుసగా మూడు నాలుగు చిత్రాలు నిశ్చలంగా నిలిచిన తరువాత ఒకటి కదిలితే అది మనస్సులో నిలుస్తుంది.

దగ్గరకు తేవడానికి చిత్రంలో సత్తా ఉండాలి. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర వెడల్పు 1920 బిందువులు. 12 మెగాపిక్సెళ్ళ ఫోన్‌తో తీసిన చిత్రం వెడల్పు సుమారు 4000. కనుక రెండింతల వరకు దగ్గరకు తెచ్చినా స్పష్టత చెడదు. అదే చిత్రం వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోయి వస్తుంది. దానిని జూమ్ చేస్తే స్వామివారి ముఖం అలుక్కుపోయినట్లు కనబడుతుంది.

చిత్రాన్ని అద్దంలోని ప్రతిబింబం వలె తిప్పే సౌకర్యం ఒకటి ఉన్నది. తెరకు కుదురుతుందని కొందరు వాడతారు. ఫోన్ ముందు కెమెరాతో తీసినవి కొన్ని తిరగబడే వస్తాయి. మనుషుల చిత్రాలలో ఇది తెలియకపోవచ్చు. విష్ణుమూర్తి పై చేతులలో కుడిచేత చక్రం, ఎడమచేత శంఖం ఉండాలి. తిప్పితే అవి తారుమారవుతాయి. వేణుగోపాలుని వేణువు కుడివైపుకు బదులు ఎడమవైపుకు సాగుతుంది. తిరగబడే, గిరగిర తిరిగే ట్రాన్సిషన్లను మూర్తుల చిత్రాలకు నేను అసలే వాడకపోవడానికి ఇది ఒక కారణం.

రెండవ కారణం చూపరుల ఆరోగ్యం. 1997 డిసెంబరులో జపాన్ టెలివిజన్‌లో ఒక బొమ్మల ధారావాహికలో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మినుకుమినుకుమనగా 600 మందికి పైగా ప్రేక్షకులను, ముఖ్యంగా పిల్లలను, ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. తెరపై వెలుగు సెకనుకు మూడుసార్లకు మించి మెరవరాదన్నది నేడు అంతర్జాల ప్రమాణాలలో ఒకటి. 2013లో ఐఫోన్ తెరపై కొత్తగా వచ్చిన జూమ్ కదలికలకు తల తిరుగుతున్నదని అనేకులు చెప్పగా, కదలికను తగ్గించుకొనే సదుపాయాన్ని ఆపిల్ అందులో విస్తరించింది. మన మండపంలో ముందు వరుసలో కూర్చునేది వృద్ధులు, పసిపిల్లలు. తెర వారికి అతి సమీపంలో ఉంటుంది. హారతి చిత్రానికి కెమెరా ఫ్లాష్ వలె మెరిసే ఎఫెక్టు కలపమని అడిగినవారికి ఈ సంగతే చెబుతూ వచ్చాను.

దాతల నామావళి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పేర్లు ఎగిరివచ్చి వాలితే గౌరవంగా ఉంటుందని కొందరి ఊహ. తెలుగు లిపికి అది గిట్టదు. అచ్చుపనిలో నేటికీ వాడుతున్న పాత పద్ధతి ఫాంట్లలో కొమ్ము, గుడి, వత్తు వేర్వేరు ముక్కలు. అక్షరం వెంట అక్షరం వచ్చే ఎఫెక్టు పెడితే 'కృష్ణ' అన్న నామంలో క ముందు, వట్రసుడి తరువాత, ష ఒకసారి, ణ వత్తు మరొకసారి వస్తాయి. తాతగారి పేరు అలా ముక్కలుగా పడుతుంటే ఏ కుటుంబం సంతోషిస్తుంది? పుటకు ఎనిమిది పేర్లు, ముదురు రంగు నేలపై లేత అక్షరాలు, కదలిక లేకుండా ఉంచుతాను. పుటను నేను రెండుసార్లు నిదానంగా పైకి చదివేంత సమయం అది తెరపై ఉండాలి. విదేశాలలోని పిల్లలు ఫోన్‌లో ఆపి, తమ తల్లిదండ్రుల పేరున్న పుటను దాచుకోవడానికి కూడా నిశ్చలమైన పుటే అనుకూలం.

దివంగతులైన దాతల చిత్రాలు, వారి పేర శాశ్వత పూజ జరిగే సందర్భంలో, మాలిక చివర వస్తాయి. వాటికి జూమ్ లేదు, రాలే పూలు లేవు, వెలుగు వలయాలు లేవు. నలుపులో నుండి మెల్లగా వస్తాయి, పది సెకన్లు నిలుస్తాయి, మెల్లగా వెళతాయి. ఆ సమయంలో వాద్యాన్ని కూడా తగ్గిస్తాను. సభలో ఎవరి భార్యయో, ఎవరి కుమారుడో కూర్చుని ఉంటారు.

రాబోయే ఉత్సవాలకు చిత్రాలు పంపదలచినవారికి కొన్ని మనవులు. ఫోన్‌ను అడ్డంగా పట్టుకొని తీయండి. నిలువు చిత్రాలకు తెరపై రెండువైపులా చోటు ఖాళీగా మిగులుతుంది. మూర్తికి మరీ దగ్గరగా కాక రెండడుగులు వెనుక నిలబడితే, పాదాలు, కిరీటం, చుట్టూ కొంత ఖాళీ చిత్రంలో పడతాయి; ఆ ఖాళీ ఉంటేనే చిత్రాన్ని జరపడానికి వీలుంటుంది. రంగులు మార్చే ఫిల్టర్లు వేయకండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే అసలు పరిమాణంలోనే చేరుతుంది. ఫోటోగ్రఫీ నిషేధించిన చోట, ముఖ్యంగా గర్భాలయంలో తీసిన చిత్రాలు ఎంత బాగున్నా మాలికలో చేర్చము. ఏ సేవలో, ఏ పూట తీసినదో చిత్రంతోపాటు ఒక ముక్క రాసి పంపండి. వరుస తప్పకుండా కూర్చడానికి అది చాలు.