మండువా లోగిలి

గోదావరి, కృష్ణా జిల్లాల పల్లెల్లో అక్కడక్కడా పాత పెద్ద ఇళ్ళు కనిపిస్తాయి. ఎత్తయిన అరుగులు. మందమైన ఇటుక గోడలు. పైన పెంకులు. వీటిని మండువా లోగిళ్ళు అంటారు.

ఒకప్పుడు పల్లెల్లో ఎక్కువగా మట్టిగోడల తాటాకు ఇళ్ళే. 1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టారు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు కట్టారు. కాలవలు పారాయి. వరి బాగా పండింది. భూమి ఉన్న రైతుల చేతిలో డబ్బు ఆడింది. వాళ్ళు ఇటుకలతో పెద్ద ఇళ్ళు కట్టుకున్నారు.

లోపలికి వెళ్ళి చూడండి. ఇంటి నడుమ పల్లంగా వదిలిన చోటు ఉంటుంది. దాని మీద కప్పు ఉండదు. ఆకాశం కనిపిస్తుంది. అదే మండువా. చుట్టూ వసారాలు. వాటి వెనక గదులు. నాలుగు వైపుల కప్పూ మండువాలోకి వాలి ఉంటుంది. వానొస్తే చూరునీళ్ళు అందులో పడతాయి. ఆడవాళ్ళు గంగాళాలు పెట్టి పట్టుకునేవారు. మిగిలిన నీరు తూములోంచి బయటికి పోయేది.

మండువా ఎందుకు? వేడిగాలి పైకి లేస్తుంది. మండువాలోంచి బయటికి పోతుంది. ఆ చోటులోకి గుమ్మాల్లోంచి, కిటికీల్లోంచి కొత్త గాలి వస్తుంది. నడి ఇంటికి వెలుతురూ వస్తుంది. గోడలు మందం గనక ఎండ వేడి లోపలికి తొందరగా దిగదు.

అప్పట్లో పల్లెల్లో సిమెంటు లేదు. సున్నం, ఇసుక కలిపి గానుగలో వేసేవారు. ఎడ్లు రాతి చక్రాన్ని తిప్పేవి. అలా నూరిన సున్నంతో ఇటుకలు పేర్చేవారు.

ఇంటి వెనక దొడ్డి. అందులో నుయ్యి, పశువులకు సావిడి, వడ్లకు గాదె. గాదెను నేలకు ఆనించరు. కింద చెమ్మ తగలకుండా ఎత్తు మీద నిలుపుతారు. గడ్డిమేటును ఇంటికి దూరంగా వేస్తారు. నిప్పురవ్వ పడితే ఇల్లు అంటుకోకూడదు కదా!

ఇంతకీ ఈ ఇల్లు ఎవరు కట్టారు? యజమాని పేరు ఊరంతా చెబుతుంది. మట్టి తొక్కినవాళ్ళ పేరు, ఇటుకలు మోసిన ఆడకూలీల పేరు ఎవరూ చెప్పరు. దళిత కూలీలను గుమ్మం దాటనిచ్చేవారు కాదు. వాళ్ళు దొడ్డిదారిన వచ్చేవారు. దూరంగా నిలబడి కూలి గింజలు ఒడిలో పోయించుకునేవారు. లోపలి ఆడవాళ్ళకూ హద్దులే. వీధి అరుగు మగవాళ్ళది. వెనక వంటిల్లు ఆడవాళ్ళది.

ఇప్పుడు ఈ ఇళ్ళు తగ్గిపోతున్నాయి. అన్నదమ్ములు వాటాలు పంచుకుంటారు. పాత కప్పు బాగుచేయించడం ఖర్చు. అందుకే కొందరు ఇల్లు పడగొట్టి దూలాలు, తలుపులు అమ్మేస్తున్నారు.

ఆ ఇల్లు పోయినా అందులోని తెలివి పోనక్కర్లేదు. రెండు గదుల ఇల్లు కట్టుకునేవాళ్ళయినా ఎదురెదురుగా కిటికీలు పెట్టించుకోవచ్చు. వంటింట్లో పొగ పోయే దారి పైన వదిలించుకోవచ్చు. మేస్త్రి గోడ లేపకముందే ఈ మాట చెప్పాలి. గోడ లేచాక పగలగొట్టడం దండగ ఖర్చు. పొగలో నిలబడి వండేది ఆడమనిషి. ఆ మాట ముందుగా చెప్పాల్సిందీ ఆమే.