కండరాల ఓపిక – విద్యుత్ ప్రేరణ

వారాల తరబడి మంచం పట్టి లేచిన రోగికి నాలుగడుగులు వేయగానే కాళ్ళు పీకుతాయి. కండరానికి బలమొక్కటే చాలదు. అలసిపోకుండ ఎక్కువసేపు పనిచేయగల ఓపిక కూడ కావాలి. ఈ ఓపికను విద్యుత్తు సహాయంతో పెంచవచ్చునా?

కోడి తొడమాంసం ఎర్రగాను, రొమ్ముమాంసం తెల్లగాను ఉండటం అందరూ చూచినదే. కండర తంతువులలో ముఖ్యంగా రెండు రకాలున్నవి. నిదానంగా ముడుచుకొనే ఎర్ర తంతువులకు రక్తనాళాలు ఎక్కువ; అవి ఆమ్లజనిని వాడుకొని చాలసేపు పనిచేస్తాయి. వేగంగా ముడుచుకొనే తెల్ల తంతువులు త్వరగా అలసిపోతాయి.

ఈ భేదం మార్చరానిదా? 1960లో బుల్లర్, జాన్ ఎకిల్స్, రోజమండ్ ఎకిల్స్ పిల్లులలో వేగ కండరానికి నిదాన కండరపు నాడిని అతికించగా, అది నిదానంగా ముడుచుకోసాగింది. మార్పుకు కారణం నాడి పంపే సంకేతాల వరుసయేనా? 1969లో సాల్మన్స్, వ్ర్బోవా కుందేళ్ళలో వేగ కండరపు నాడికి తక్కువ వేగంతో ఎడతెగక విద్యుత్ ప్రేరణలిచ్చారు. కొన్ని వారాలలో ఆ కండరం కూడ నిదాన కండరం పోలికలు పొందింది. అనగా కండరం తనకందే ఆజ్ఞలనుబట్టి తన స్వభావాన్ని మార్చుకొంటుందన్నమాట.

చికిత్సలో చర్మంపై అంటించిన పలకలగుండ స్వల్ప విద్యుత్ ప్రేరణలు పంపుతారు. అవి సాధారణంగా నాడిని ప్రేరేపిస్తాయి. నాడి కండరాన్ని కదిలిస్తుంది. వెన్నుపాము దెబ్బతిన్న రోగికి మెదడు ఆజ్ఞ కాళ్ళకు చేరకపోయినా, వెన్నుపాము నుండి కండరానికి పోయే నాడి చెడకుండ ఉన్నచో ఈ పద్ధతి పనిచేస్తుంది. రెండు కాళ్ళ కండరాలను వంతులవారీగా ప్రేరేపించి, కదలకుండ నిలిపిన సైకిలును రోగిచేత తొక్కించవచ్చును.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. శరీరం స్వయంగా పనిచేసేటప్పుడు తంతువులు వంతులు మార్చుకొంటాయి. విద్యుత్తు మాత్రం అవే తంతువులను మళ్ళీ మళ్ళీ ఒక్కసారిగా లేపుతుంది. అందుచేత కండరం త్వరగా అలుస్తుంది. సెకనుకు 30 నుండి 50 ప్రేరణలిచ్చినచో ముడుపు కుదుపు లేకుండ బలంగా ఉంటుంది, కాని అలసట ఎక్కువ. ఓపిక పెంచదలచినప్పుడు సెకనుకు 10 వంటి తక్కువ సంఖ్యలో, ఎక్కువసేపు ఇస్తారు. బలమైన ముడుపుల మధ్య మొదట ఎక్కువ విరామమిచ్చి, క్రమంగా తగ్గిస్తారు.

గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు వైద్యుని అనుమతి లేనిదే దీనిని వాడరాదు. అభ్యాసం మానినచో వచ్చిన ఓపిక మెల్లమెల్లగా పోతుంది. కనుక కాస్తయినా స్వయంగా కదల్చగలవారు విద్యుత్తుతోపాటు తామూ ప్రయత్నించాలి. మెదడు చేర్చలేని ఆజ్ఞను విద్యుత్తు ఇవ్వగలదు. ఓపికను సంపాదించుకోవలసినది కండరమే.