పూలమ్మే పిల్ల కోసం ఏడ్చినవాళ్లు

మా గోదావరి జిల్లాల్లో బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్యహరిశ్చంద్రీయం నాటకం ఆడుతుంటే, కాటిసీనులో లోహితుణ్ని ఒళ్లో పెట్టుకున్న చంద్రమతిని చూసి జనం కళ్లు తుడుచుకునేవారు. కథ తెలియక కాదు. అయితే ఎంత ఏడ్చినా ఆమెకు సాయం చెయ్యలేరు. వీడియో గేమ్ ఆ సాయం మన చేతుల్లోనే పెడుతుంది.

1997లో జపాన్ కంపెనీ స్క్వేర్ తెచ్చిన ఫైనల్ ఫాంటసీ 7లో ఎరిత్ అనే అమ్మాయి వీధిలో పూలమ్ముతూ ఎదురవుతుంది. ఆటలోని డబ్బు ఒక్క గిల్ ఇచ్చి పువ్వు కొనుక్కోవచ్చు. కడియపులంక పూలమార్కెట్ చూస్తూ పెరిగిన నాకు ఆమె అక్కడే మనమ్మాయి అయిపోయింది. తర్వాత గంటల తరబడి ఆమెకు ఆయుధాలు మారుస్తాం, దెబ్బ తగిలితే మందు వేస్తాం, ఆమె మంత్రంతో మిగతావాళ్ల గాయాలు మాన్పిస్తాం. మూడు డిస్కుల ఆటలో మొదటి డిస్కు చివర సెఫిరాత్ అనే ప్రతినాయకుడు ఆమెను పొడిచేస్తాడు. వెంటనే పోరాటం మొదలవుతుంది. నొబువో ఉయెమాట్సు కట్టిన ఆమె బాణీ మాత్రం ఆగదు. ఆ తర్వాత మన దళంలో ఆమె ఉండదు. నా మట్టుకు నాకు, మమకారం పుట్టేది ఆ గంటల చాకిరీలోనే. ఆమె చెప్పిన మాటల్లో కాదు.

టోబీ ఫాక్స్ 2015లో చేసిన అండర్‌టేల్ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో ఎదురైన ప్రాణిని చంపకుండా వదిలెయ్యొచ్చు. అమ్మలా చూసుకున్న టోరియెల్‌ను చంపి, మనసొప్పక అంతకుముందు సేవ్ చేసుకున్న చోటికి వెళ్లి బతికించుకున్నా, ఫ్లవీ అనే పువ్వు ఆ సంగతి మొహం మీదే అనేస్తుంది. గేమ్‌కు అన్నీ గుర్తుంటాయని తెలిశాక, తర్వాత ఎదురయ్యే ప్రతి బక్కప్రాణి దగ్గరా బటన్ మీద వేలు ఆగుతుంది.