కృతజ్ఞతాదినము: కుటుంబభోజనపు సన్నాహము



నేటి నా ప్రసంగమునకు విషయము అమెరికాదేశస్థుల పండుగ యొకటి. దానికి వారు పెట్టుకొన్న పేరు థాంక్స్‌గివింగ్. మనము కృతజ్ఞతాదినమని పిలువవచ్చును. ఏటేట నవంబరునెల నాలుగవ గురువారమున ఇది జరుగును. పరదేశపు పండుగతో మనకేమి పని యని మీరడుగవచ్చును. మన గ్రామములలో ననేక కుటుంబముల బిడ్డలు నేడు ఆ దేశమున కాపురములు చేయుచున్నారు. ఆ నెలలో మీరు ఫోనులో పలుకరించినప్పుడు, "ఈ వారము ఇంటికి ఇరువదిమంది వచ్చుచున్నారు, తీరికలేదు" అని కుమార్తెయో కోడలో చెప్పియుండవచ్చును. మీలో కొందరు ఆ దినములలో అక్కడనే యుండి, ఆ హడావిడికి హేతువు తెలియక వంటింటి గుమ్మమున నిలిచి చూచియు నుందురు. నేనొక సంవత్సరము నా కుమార్తె యింట ఆ సన్నాహమును మొదటినుండి తుదివరకు గమనించితిని. చూచినదియు చదివినదియు కలిపి మనవి చేసెదను.

ముందుగా మాటను విచారింతము. కృతము అనగా చేయబడినది. జ్ఞ అనగా ఎఱిగినవాడు. తనకొఱకు ఎవరేమి చేసిరో యెఱిగినవాడు కృతజ్ఞుడు. ఎఱుక ముందు, వందనము తరువాత. ఎఱుక లేని వందనము నాలుక చివరి మర్యాద. ఈ పండుగ చరిత్రను, దాని వంటను, దాని పంక్తిని ఈ యర్థముతోనే పరిశీలింతము.

1620వ సంవత్సరమున 102 మంది ప్రయాణికులు మేఫ్లవర్ అను నావలో ఇంగ్లండు విడిచి, నేడు మసాచుసెట్సు అనబడు తీరమునకు చేరి, ప్లిమత్ అను చోట నివాసమేర్పఱచుకొనిరి. మొదటి శీతకాలము గడచునప్పటికి వారిలో సుమారు సగముమంది వ్యాధులకు, చలికి బలియైరి. ఆ ప్రాంతము వాంపనోఆగ్ అను దేశీయజాతివారిది. వారితో నివసించుచున్న టిస్క్వాంటమ్ అను నతడు క్రొత్తవారికి మొక్కజొన్న నాటు విధమును, చేపలను దానికి ఎరువుగా వేయు పద్ధతిని నేర్పెను. ఈ టిస్క్వాంటమ్ కథ విషాదకరమైనది. 1614లో ఒక ఓడనాయకుడు అతనిని మోసముతో బంధించి, బానిసగా అమ్ముటకై స్పెయినుదేశమునకు కొనిపోయెను. అతడు ఇంగ్లండు మీదుగా 1619లో స్వస్థలమునకు తిరిగివచ్చునప్పటికి అంటువ్యాధిచేత అతని గ్రామము నిర్మానుష్యమై యుండెను. ఆ పాడుపడిన గ్రామస్థలముననే ప్లిమత్ వెలసినది. 1621 శరత్కాలమున పంట చేతికి వచ్చినంతట మూడుదినములు విందు జరిగెను. వాంపనోఆగ్ నాయకుడు మసాసాయిట్ సుమారు 90 మందితో వచ్చి, అయిదు జింకలను తెచ్చి యిచ్చెను. విందునకు వచ్చినవారు రిక్తహస్తములతో రాలేదని గుఱుతుంచుకొనుడు.

తరువాతి కథ అంత శుభప్రదము గాదు. 1675, 1676 సంవత్సరములలో అదే మసాసాయిట్ కుమారుడు మెటాకమ్ నాయకత్వమున ఘోరయుద్ధము జరిగి, దేశీయజాతులు మిక్కిలి నష్టపడెను. అందుచేత 1970 మొదలుకొని అదే గురువారమున, అదే ప్లిమత్‌లో, దేశీయజాతులవారు సంతాపదినము జరుపుచున్నారు. ఒకే దినమున ఒకరికి పండుగ, మఱియొకరికి దుఃఖము. కృతమునెఱుగుట యనగా మేలును మాత్రమేగాక కీడును గూడ ఎఱుగుటయే గదా!

ఈ పండుగ దేశమంతటికి ఒక్కదినమున వచ్చునట్లు చేయుటకు చాలకాలము పట్టినది. సారా జోసెఫా హేల్ అను విదుషి ఒక మహిళాపత్రికకు సంపాదకురాలు. మన పిల్లలు ఆంగ్లపాఠశాలలలో పాడు మేరీ, గొఱ్ఱెపిల్ల పాటను రచించినది ఈమెయే. ఈమె అనేక సంవత్సరములు పత్రికలో వ్రాసి, అధికారులకు లేఖలు పంపి, తుదకు 1863 సెప్టెంబరులో అధ్యక్షుడు అబ్రహాము లింకనునకు విన్నవించెను. దేశము అంతర్యుద్ధములో నుండగా, ఆ అక్టోబరులో లింకను నవంబరు చివరి గురువారమును కృతజ్ఞతాదినముగా ప్రకటించెను. 1939లో అధ్యక్షుడు రూజ్వెల్టు, వర్తకులకు అమ్మకపుదినములు హెచ్చునని పండుగను ఒక వారము ముందునకు జరుపగా, కొన్ని రాష్ట్రములు ఒకనాడు, కొన్ని మఱియొకనాడు జరుపుకొనెను. మనయందు తిథిద్వయము వచ్చినప్పుడు పండుగ నేడా రేపా యని వాదించుకొనుట వంటిదే. 1941లో శాసనముచేసి నాలుగవ గురువారమును స్థిరపఱచిరి.

ఇక సన్నాహమునకు వత్తము. మూడువారములు ముందుగా మా అమ్మాయి ఒక కాగితము తీసికొని, వచ్చువారి పేర్లు, ఎవరేమి తినరు, ఎవరేమి తెత్తురు అనునవి మూడు వరుసలుగా వ్రాసెను. ఆ దేశమున గృహిణి యొక్కతెయే అన్నియు వండవలెనను నియమము లేదు. ఒక కుటుంబము దుంపలకూర, ఒకటి రొట్టెలు, మఱియొకటి తీపి తెచ్చును. దీనిని పాట్‌లక్ అందురు. మన తెలుగువారు పులిహోర, గారెలు గూడ తెచ్చెదరు. ఇంటివారు ముఖ్యమైన వంటకమును, ఆసనములను చూచుకొందురు. దూరపు ఊళ్లలో నున్నవారు విమానములకు, రైళ్లకు ఎంతో ముందుగా టిక్కెట్లు కొందురు. బుధవారమునాడు దారులన్నియు మన సంక్రాంతి ముందటి బస్సుస్టాండ్లవలె క్రిక్కిఱిసి యుండును.

ముఖ్యవంటకము టర్కీకోడి. మనిషికి ఒక పౌను చొప్పున లెక్కించి కొందురు. అది రాయివలె గడ్డకట్టి దొరకును. దానిని బయటపెట్టి కరిగించిన యెడల పైభాగము చెడి, లోభాగము గట్టిగానే యుండును. కావున ఫ్రిజ్జులోనే ఉంచి, నాలుగైదు పౌనులకు ఒక దినము చొప్పున నెమ్మదిగా కరిగింపవలెను. 15 పౌనుల పక్షికి మూడునాలుగు దినములు పట్టును గనుక, గురువారపు విందు ఆదివారముననే మొదలైనదన్నమాట. ఓవెన్ అను కాల్పుపొయ్యిలో అది సుమారు నాలుగు గంటలు కాలవలెను. రంగు చూచి ఉడికినదని తలపరాదు. ఉష్ణమాపకమును రొమ్ము, తొడలలో దళసరియైన చోట గ్రుచ్చి 165 ఫారన్‌హీటు డిగ్రీలు, అనగా 74 సెంటీగ్రేడు డిగ్రీలు వచ్చినదో లేదో చూచెదరు.

పొయ్యి యొక్కటి, వంటకములు పది. ఇందులోనే గృహిణి నేర్పు కలదు. భోజనముహూర్తమును ముందు నిర్ణయించి, అక్కడినుండి వెనుకకు గంటలు లెక్కించుచు ఏది ఎప్పుడు పొయ్యిలో పెట్టవలెనో వ్రాసికొందురు. గుమ్మడికాయ గుజ్జులో గ్రుడ్లు, పాలు, చక్కెర, దాల్చినచెక్క చేర్చి పిండిపళ్లెములో కాల్చు తీపివంటను ముందుదినమే ముగించెదరు. క్రాన్‌బెరీ అను ఎఱ్ఱని పుల్లపండ్ల పచ్చడిని గూడ ముందుగానే చేయుదురు. అది నిలువయున్నకొలది రుచి. ఆ దేశమున ఇండ్లలో వంటవలన అగ్నిప్రమాదములు అధికముగా జరుగు దినము ఇదియే గనుక, పొయ్యియొద్ద ఒక మనిషి తప్పక యుండవలెను. భోజనానంతరము మిగిలినదానిని రెండుగంటలలోపల ఫ్రిజ్జులో చేర్చి, మూడునాలుగు దినములలో తినివేయుదురు.

శాకాహారులైన పెద్దలకు ఒక హెచ్చరిక. రొట్టెముక్కలతో చేయు స్టఫింగు అను వంటకము చూపునకు ఉప్మావలె నుండును గాని, తఱచుగా మాంసపురసముతో తడిపినది. గ్రేవీ అను పులుసును అట్టిదే. తీపివంటలలో గ్రుడ్లుండును. చిలగడదుంపలపై వేయు తెల్లని మెత్తని మిఠాయిలో జంతుసంబంధమైన జెలటిన్ ఉండుట వాడుక. అడిగి తినుట అమర్యాద గాదు. కాగితములో ముందుగా వ్రాయించుట ఇంకను మేలు.

పంక్తి సిద్ధమైన పిమ్మట, పలుకుటుంబములలో ఒక ఆచారము కలదు. ప్రతివారును తామెవరికి ఎందులకు కృతజ్ఞులో చెప్పవలెను. నేను చూచిన పంక్తిలో ఒక ఎనిమిదేండ్ల బాలుడు, తనకు సైకిలు నేర్పిన పొరుగింటి తాతకు వందనమనెను. భార్యను కోల్పోయి ఒంటరిగా నున్న ఆ వృద్ధుడు అదే పంక్తిలో కూర్చుండెను. బంధువులు దగ్గఱలేనివారిని ఆ దినమున పిలుచుకొనుట అక్కడి మంచి మర్యాద.

ఆ భోజనమును చూచినప్పుడు నాకొక విషయము స్ఫురించినది. మొక్కజొన్న, చిలగడదుంప, తియ్యగుమ్మడి, బంగాళాదుంప, ఇవన్నియు అమెరికాఖండముల దేశీయజాతులు వేలయేండ్లు సాగుచేసి లోకమునకిచ్చిన పంటలు. మన యింటిలోని మిరపకాయ, వేరుసెనగ, టమాట, జీడిమామిడి, జామ, బొప్పాయి, సీతాఫలము గూడ అక్కడివే. సముద్రము దాటి పోర్చుగీసువారి కాలమునుండి ఇచ్చటికి చేరినవి. టర్కీపక్షియు హిందూదేశమునకు క్రొత్త గాదు. 1612లో గోవానుండి తెచ్చిన యొక టర్కీకోడిని చూచి జహంగీరు పాదుషా అబ్బురపడి, దాని వర్ణనమును వ్రాసికొని, చిత్రమును వ్రాయించెను. ఉస్తాద్ మన్సూరు వ్రాసిన టర్కీ చిత్రము నేడు లండనునందు కలదు. గుంటూరు మిరపకాయను నోట పెట్టుకొను మనము, దానిని మొదట పండించినవారిని ఎన్నడైన తలచుకొంటిమా? కృతమునెఱుగు భారము అమెరికావారికి మాత్రమే లేదు.

మన సంప్రదాయమునందును క్రొత్తధాన్యమును ముందుగా దేవతలకర్పించు ఆగ్రయణమను ఇష్టి కలదు. సంక్రాంతికి క్రొత్తబియ్యపు పొంగలి, కనుమనాడు పశువులకు పూజ కలవు. ఎద్దునకు కుంకుమ పెట్టు మనము, తెల్లవారుజామున లేచి అరిసెలు వండిన కోడలికి ఏమి చేయుచున్నాము? అందఱి విస్తళ్లు లేచిన పిదప, చల్లారినదానిని ఆమె యొక్కతెయే తినుట మనము చూడనిది గాదు. ఇది శాస్త్రమని కొందఱనుకొందురు. మనుస్మృతి మూడవ అధ్యాయము తీసి చూడుడు. క్రొత్తకోడండ్రకు, కన్యలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటె ముందుగానే పెట్టవలెనని అందు చెప్పబడినది. మిగిలినదానిని తినవలసినవారు దంపతులు. దంపతులనగా ఇరువురు. భర్త ముందే భుజించి త్రేన్చుచు అరుగుమీద కూర్చుండుటకు అందు ఆధారము లేదు.

కావున రాబోవు సంక్రాంతికి మీరును ఒక కాగితము తీసికొనుడు. వచ్చువారెవరు, పనియేమి, ఎవరి వంతు ఏది యని వ్రాయుడు. అందు కుమారుల పేర్లు, మనుమల పేర్లు, మీ పేరును గూడ చేర్చుడు. నీళ్లు తోడుట, కూరలు తఱుగుట, విస్తళ్లు వేయుట వృద్ధులకును సాధ్యమే. వండినవారిని పంక్తిలో కూర్చుండబెట్టి ఎవరైన నొకరు వడ్డింపుడు.

దూరదేశమున బిడ్డలున్నవారికి మఱియొక మాట. ఆ గురువారము సాయంకాలము న్యూయార్కులో నాలుగుగంటలకు వారు భోజనమునకు కూర్చుండునప్పుడు మనకు శుక్రవారము తెల్లవారుజాము రెండున్నర. శుక్రవారము ఉదయము ఏడుగంటలకు మీరు ఫోను చేసినచో న్యూయార్కులో రాత్రి ఎనిమిదిన్నర, కాలిఫోర్నియాలో సాయంకాలము అయిదున్నర అగును. అందఱును ఒకచోట నుందురు. ఫోను చేసినప్పుడు ఎవరేమి వండిరని అడుగుడు. చేసినవారి పేరు పెట్టి మెచ్చుకొనుడు. సంవత్సరమంతయు ఉద్యోగము చేసి, ఇరువదిమందికి వండిన బిడ్డకు తల్లిదండ్రుల నోట ఆ మాట వినుటకంటె వేఱు బహుమానము లేదు.