తోటి రచయితపై పుస్తకం.. చరిత్రా? జ్ఞాపకమా?

ఒక నవలాకారుని గురించి మరో నవలాకారుడు రాసిన పుస్తకాన్ని ఎంతవరకు విశ్వసించవచ్చు? ఆంగ్ల రచయిత, సంపాదకుడు ఫోర్డ్ మాడక్స్ ఫోర్డ్ (1873-1939) గ్రంథాలు ఈ ప్రశ్నను నేటికీ పాఠకుల ముందుంచుతున్నాయి.

1908 డిసెంబరులో లండన్‌లో 'ఇంగ్లిష్ రివ్యూ' పత్రికను ఆరంభించిన ఫోర్డ్, థామస్ హార్డీ, హెన్రీ జేమ్స్ వంటి ప్రముఖుల రచనలతో పాటు, అప్పటికి పేరు లేని డి.హెచ్.లారెన్స్ కవితలను 1909లో ప్రచురించారు. ఆ సంపాదక దృష్టే ఆయన విమర్శలోనూ కనిపిస్తుంది. కథ ఏమిటన్న దానికన్నా, దానిని ఎలా నిర్మించారన్నదే ఆయనకు ముఖ్యం.

జేమ్స్ జీవించి ఉండగానే ఆయన నవలలపై ఫోర్డ్ విమర్శ గ్రంథం వెలువరించారు. 'ది ఇన్‌హెరిటర్స్' (1901), 'రొమాన్స్' (1903) నవలలను తనతో కలిసి రచించిన జోసెఫ్ కాన్రాడ్ 1924 ఆగస్టు 3న కన్నుమూయగా, అదే ఏడాది ఆయన స్మృతులను పుస్తకంగా తెచ్చారు. తేదీలు, పత్రాలు పేర్చిన జీవితచరిత్ర కాదని, తన మనసులో ముద్రపడిన మిత్రుని రూపమని ముందుమాటలో స్పష్టం చేశారు. అయినా కాన్రాడ్ భార్య జెస్సీ పత్రికాముఖంగా ఆ పుస్తకాన్ని ఖండించారు.

ఫోర్డ్ వెనుకంజ వేయలేదు. 1937లో వెలువడిన 'పోర్ట్రెయిట్స్ ఫ్రమ్ లైఫ్'లో హార్డీ, వెల్స్, గాల్స్‌వర్దీ, లారెన్స్ తదితరులను అదే పద్ధతిలో చిత్రించారు.

అందుకే ఆయన చెప్పిన సంఘటనలను పరిశోధకులు ఇతర ఆధారాలతో సరిచూసుకుంటారు. అయితే ఇద్దరు నవలాకారులు ఒకచోట కూర్చుని వాక్యాన్ని ఎలా తూచేవారో, ఏ మాట కోసం ఎంతగా వాదించుకునేవారో పత్రాలు చెప్పలేవు. అది పక్కన కూర్చున్నవాడే చెప్పగలడు.